డిజైన్ బృందంలోకి కృత్రిమ మేధ: మూడు దారుల్లో మీకు సరిపడేది ఏది?

డిజిటల్ ఉత్పత్తిని తయారుచేసే బృందంలో పని ఇంతకాలం ఒక వరుసలో సాగుతూ వచ్చింది. ప్రొడక్ట్ మేనేజర్ అవసరాన్ని రాసి పెడితే డిజైనర్ దానికి స్క్రీన్లు గీసేవారు. వాటి మీద చర్చ ముగిసి అందరూ సరేనన్న తరువాత డెవలపర్ కోడ్ రాసేవారు. మొత్తం పనిలో అన్నిటికన్నా ఖరీదైనది కోడ్ రాయడమే కాబట్టి, అక్కడికి చేరేలోపే తేల్చుకోవలసినవన్నీ తేల్చుకోవాలన్న లెక్క ఈ వరుస వెనుక ఉంది. స్క్రీన్ బొమ్మను పదిసార్లు మారిస్తే డిజైనర్ సమయం కొంత పోతుంది; రాసిన కోడ్‌ను పదిసార్లు మారిస్తే గడువే పోతుంది.

ఆ లెక్క ఇప్పుడు తారుమారవుతోంది. 2021లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా వచ్చినప్పుడు అది డెవలపర్ రాస్తున్న వాక్యాన్ని పూర్తి చేసే సహాయకుడు మాత్రమే. 2025 ఫిబ్రవరిలో కృత్రిమ మేధ పరిశోధకుడు ఆండ్రే కర్పాతీ ‘వైబ్ కోడింగ్’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చేనాటికి, కోడ్‌ను చదవకుండానే మాటలతో యాప్ చేయించుకునే పద్ధతి చాలామందికి అందుబాటులోకి వచ్చేసింది. ఒక ఆలోచన పనిచేసే రూపం దాల్చడానికి పట్టే సమయం బాగా తగ్గింది; కానీ ఆ రూపం సరైనదో కాదో తేల్చడానికి పట్టే సమయం పెద్దగా తగ్గలేదు. బృందంలో పని ఎక్కడ ఆగిపోతోందో గమనిస్తే ఈ తేడా తెలుస్తుంది. ఇదివరకు డెవలపర్ల ముందు వరుస కట్టిన పనులు ఇప్పుడు సమీక్షించవలసినవారి ముందు వరుస కడుతున్నాయి.

అందువల్ల ఏ ఉపకరణం శక్తిమంతమైనది అన్న ప్రశ్నతో ఎంపిక మొదలుపెడితే దారి తప్పుతుంది. తయారైన వస్తువు ఆ తరువాత ఏమవుతుంది, దాని బాధ్యత ఎవరిది అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టడం మంచిది. చర్చ కోసం గీసే బొమ్మ, వినియోగదారుల ముందు పెట్టి చూసే నమూనా, రేపటి నుంచి లక్షలమంది వాడే స్క్రీన్ పైకి ఒకేలా కనిపించినా వాటికి కావలసిన దారులు వేరు. ఈ వ్యాసంలో పోల్చేది మూడు దారులను: డిజైన్ ఉపకరణం లోపలే ఉన్న ఏఐ, మాట చెబితే యాప్ కట్టి ఇచ్చే సేవలు, అసలు ఉత్పత్తి కోడ్‌లోనే పనిచేసే ఏజెంట్లు, అంటే చెప్పిన పనిని తామే అంచెలంచెలుగా చేసుకుపోయే ఏఐ సాధనాలు.

మొదటి దారి: కాన్వాస్ వదలకుండా

కాన్వాస్ అంటే ఫిగ్మా వంటి డిజైన్ ఉపకరణంలో స్క్రీన్లు గీసే చోటు. డిజైనర్లు ఇప్పటికే రోజంతా అక్కడే ఉంటారు కాబట్టి, ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ. బొమ్మలోని వందల కొద్దీ లేయర్లకు (పొరలకు) అర్థవంతమైన పేర్లు పెట్టడం, నమూనా వాక్యాలతో జాబితాలు నింపడం, ఒక స్క్రీన్‌కు నాలుగైదు అమరికలు చూపించడం, ఫొటో వెనుక భాగాన్ని తొలగించడం వంటివి ఈ ఏఐ బాగానే చేస్తుంది. ఎవరికీ ఇష్టంలేని చాకిరీ అది. ఇందులో తప్పు జరిగినా కంటికి కనబడుతుంది, వెనక్కి తీసుకోవడం తేలిక. ఇంకా ఏ దారీ ఎంచుకోని బృందం ఇక్కడ మొదలుపెడితే నష్టపోయేది ఏమీ ఉండదు.

అయితే పూర్తి స్క్రీన్లు గీయించే సందర్భంలో ఒక జాగ్రత్త అవసరం. 2024 జూన్‌లో ఫిగ్మా తన వార్షిక సమావేశంలో ‘మేక్ డిజైన్’ అనే సదుపాయాన్ని ప్రకటించింది. వాతావరణ యాప్ గీయమని అడిగితే అది ఇచ్చిన స్క్రీన్లు ఆపిల్ వాతావరణ యాప్‌ను చాలా దగ్గరగా పోలి ఉన్నాయని కొద్దిరోజుల్లోనే బయటపడడంతో, సంస్థ ఆ సదుపాయాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. మోడల్‌కు ముడిసరుకుగా ఇచ్చిన కాంపొనెంట్లు (బటన్, గడి వంటి మళ్ళీ మళ్ళీ వాడే ముక్కలు), ఉదాహరణ స్క్రీన్లలో కొన్నిటిని విడుదలకు ముందు సరిగా పరిశీలించలేదని తరువాత వివరణ ఇచ్చి, అదే ఏడాది సెప్టెంబరులో ‘ఫస్ట్ డ్రాఫ్ట్’ పేరుతో తిరిగి తెచ్చింది. ఇందులో ఎంపికకు పనికివచ్చే విషయం ఒకటుంది. ఇలాంటి సాధనాలు ఇచ్చే ఫలితం మోడల్ తెలివి కన్నా దానికి అందించిన కాంపొనెంట్ల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మీ సొంత కాంపొనెంట్లను వాడుకునే వీలు ఆ సాధనంలో ఉందా లేదా అన్నది ముందుగా చూడవలసిన అంశం. లేకపోతే వచ్చే స్క్రీన్లు ఎవరి ఉత్పత్తికైనా సరిపోయేంత సాధారణంగా ఉంటాయి.

ఈ దారికి ఉన్న అసలు పరిమితి వేరే. కాన్వాస్ మీద ఉన్నది బొమ్మ. అది నొక్కితే ఏమవుతుందో, సమాచారం రావడం ఆలస్యమైతే ఏం కనిపిస్తుందో, పేరు ఊహించినదానికి మూడింతలు పొడవుగా ఉంటే ఎలా విరుగుతుందో బొమ్మ చెప్పదు. ఏఐ ఎన్ని బొమ్మలు గీసినా ఈ లోటు అలాగే మిగులుతుంది.

రెండవ దారి: మాట చెబితే యాప్

వెర్సెల్ వారి వీ0 2023లో, స్టాక్‌బ్లిట్జ్ వారి బోల్ట్ 2024 అక్టోబరులో వచ్చాయి. స్వీడన్‌కు చెందిన లవబుల్, గూగుల్ 2025 మేలో ప్రకటించిన స్టిచ్, అదే నెలలో వచ్చిన ఫిగ్మా మేక్ కూడా ఇంచుమించు ఈ కోవలోనివే. వీటిలో సూక్ష్మమైన తేడాలు చాలా ఉన్నాయి. కొన్ని స్క్రీన్ల రూపానికే ప్రాధాన్యం ఇస్తే, మరికొన్ని డేటాబేస్, లాగిన్ సహా మొత్తం యాప్‌ను కట్టి ప్రచురించేస్తాయి. ఈ తేడాలు నెలనెలా మారిపోతున్నాయి కాబట్టి వాటిని పట్టికలు వేసి పోల్చడంలో పెద్ద ప్రయోజనం లేదు. మారనిది ఈ కోవ మొత్తానికి ఉన్న స్వభావం.

దానిని ఒక ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. అపాయింట్‌మెంట్లు తీసుకునే యాప్‌లో, ఇప్పటికే తీసుకున్న సమయాన్ని మరో రోజుకు మార్చుకునే స్క్రీన్ కావాలని ఇలాంటి సేవను అడిగామనుకుందాం. కొద్ది నిమిషాల్లో క్యాలెండర్, ఖాళీ సమయాల గడులు, అడుగున ఒక పెద్ద బటన్, దానిని నొక్కగానే పచ్చటి టిక్కు గుర్తుతో ఒక అభినందన సందేశం వస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది, నిజంగానే పనిచేస్తుంది. ఇప్పుడు అందులో లేనివి లెక్కపెట్టండి. మీరు చూస్తున్న ఖాళీ సమయాన్ని మీరు నొక్కేలోపు మరొకరు తీసేసుకుంటే ఏం జరుగుతుంది? కొత్త సమయం ఖాయం కాకముందే పాత సమయాన్ని వదిలేస్తే, మధ్యలో నెట్ పోయినప్పుడు ఆ మనిషికి ఏ అపాయింట్‌మెంటూ మిగలదు కదా? వేరే దేశం నుంచి చూస్తున్నవారికి కనిపించే గంట ఎవరి గడియారం ప్రకారం? మార్చుకోవడానికి గడువు దాటిపోయినవారికి ఆ బటన్ కనిపించాలా, కనిపించి నొక్కనివ్వకుండా ఉండాలా, లేక నొక్కితే కారణం చెప్పాలా? ఇవేవీ మీరు అడగలేదు, అది చెప్పలేదు. ఎవరూ అడగని ప్రశ్నలన్నిటికీ అది తనకు తోచిన జవాబు వేసుకుని ముందుకు వెళ్ళిపోయింది. అనుభవమున్న డిజైనర్ పనిలో అధికభాగం ఈ ప్రశ్నలే. స్క్రీన్ గీయడం అందులో చివరి మెట్టు.

రూపం విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఏఐ కట్టిన వెబ్‌సైట్లలో ఊదా రంగు బటన్లు ఎందుకింత ఎక్కువ అన్నది డిజైనర్ల మధ్య చాలాకాలంగా నడుస్తున్న హాస్యం. వెబ్ పేజీల రూపాన్ని తీర్చడానికి చాలామంది వాడే టెయిల్‌విండ్ సీఎస్ఎస్ సృష్టికర్త ఆడమ్ వాథన్ తమ కాంపొనెంట్ల ఉదాహరణల్లో బటన్లన్నిటికీ ఊదాకు దగ్గరగా ఉండే ఇండిగో రంగు వాడినందుకు 2025లో సరదాగా క్షమాపణ కూడా చెప్పారు. ఏఐ ఏ సూచనా లేనప్పుడు తాను ఎక్కువగా చూసినదాని వైపే మొగ్గుతుంది. కాబట్టి ఏమీ చెప్పకుండా తీసుకున్న ప్రతి ఫలితమూ పోటీదారు ఉత్పత్తి ముఖంతోనే వస్తుంది. రంగు మార్చడం తేలికే. స్క్రీన్ మీద ఏది ముందు, ఏది తరువాత అన్న అమరికలోని మూసను గుర్తుపట్టడం అంత తేలిక కాదు.

ఇంత చెప్పినా ఈ దారిని తోసిపుచ్చవలసిన పనిలేదు. ఒక ఆలోచనను నలుగురైదుగురు వినియోగదారుల చేతిలో పెట్టి, వారు ఎక్కడ తడబడుతున్నారో చూడాలనుకుంటే ఇంతకన్నా చవకైన మార్గం నాకు తెలిసి లేదు. పాత పద్ధతిలో క్లిక్ చేయగల బొమ్మల్లో ముందే గీసిన దారిలోనే వినియోగదారు నడవాలి. ఇందులో వారు తమ సొంత పేరు టైపు చేయవచ్చు, తప్పు తేదీ ఎంచుకోవచ్చు, వెనక్కి వెళ్ళవచ్చు. పరీక్షలో బయటపడే విషయాల నాణ్యతే దానితో మారిపోతుంది. ప్రొడక్ట్ మేనేజర్లు పదిపేజీల పత్రం బదులు పనిచేసే నమూనాతో చర్చకు రావడం కూడా మంచి మార్పే, ఆ నమూనాను తుది డిజైన్‌గా భావించనంతవరకు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. పనిచేస్తున్నదానిని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ప్రదర్శనలో చప్పట్లు కొట్టించుకున్న నమూనా వచ్చే నెల వినియోగదారులకు వెళ్ళిపోవాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది. అప్పుడు బయటపడేవి డేటాబేస్‌లో ఎవరి సమాచారం ఎవరు చూడవచ్చన్న నియమాలు రాయకపోవడం, ఇతర సేవలను వాడుకోవడానికి కావలసిన రహస్య కీలను బ్రౌజర్‌కు పంపే కోడ్‌లోనే ఉంచేయడం వంటి లోపాలు. లాగిన్ పేజీ ఉంది కదా అని భద్రత ఉన్నట్టు కాదు. ఒకరి ఖాతాతో లోపలికి వెళ్ళి మరొకరి సమాచారాన్ని అడిగితే సర్వర్ నిరాకరిస్తుందా అన్నది విడిగా పరీక్షించాలి. అందువల్ల ఈ దారిని ఎంచుకునే బృందం ఒక నియమాన్ని ముందే రాసి పెట్టుకోవాలి: ఇక్కడ తయారైన కోడ్ అసలు ఉత్పత్తిలోకి రాదు, నిజమైన వినియోగదారుల సమాచారం ఇందులోకి వెళ్ళదు. ఈ నియమాన్ని పాటించగల క్రమశిక్షణ లేనిచోట ఈ దారి చవక అనిపించి చివరికి అన్నిటికన్నా ఖరీదవుతుంది. సొంత ఉత్పత్తి ఇంకా ఏదీ లేని, ఇద్దరు ముగ్గురితో మొదలవుతున్న సంస్థకు మాత్రం కొంత మినహాయింపు ఇవ్వవచ్చు. వారికి మొదటి కోడ్ ఏదో ఒక రోజు తిరగరాయవలసిందే కాబట్టి, భద్రతను తెలిసినవారితో తనిఖీ చేయించుకుని ముందుకు వెళ్ళవచ్చు.

మూడవ దారి: ఉత్పత్తి కోడ్‌లోనే డిజైన్

కర్సర్, క్లాడ్ కోడ్, కోపైలట్‌లోని ఏజెంట్ వంటివి బృందం రిపాజిటరీలోనే, అంటే ఉత్పత్తి కోడ్ మొత్తం భద్రపరిచే చోటే, పనిచేస్తాయి. డిజైనర్ తన కంప్యూటర్‌లో ఉత్పత్తి కోడ్‌ను తెరిచి, ఈ ఫారంలో పొరపాటు సందేశం గడి కిందికి రావాలి, మొబైల్ వెడల్పులో రెండు బటన్లు ఒకదాని కింద ఒకటి ఉండాలి అని చెబితే, ఏజెంట్ సంబంధిత ఫైళ్ళను వెతికి మార్చి చూపిస్తుంది. నచ్చితే ఆ మార్పును పుల్ రిక్వెస్ట్‌గా (కోడ్‌లో కలపమన్న అభ్యర్థనగా) పంపితే డెవలపర్ సమీక్షించి కలుపుతారు. బొమ్మ గీసి, కొలతలు రాసి, టికెట్ (పని అభ్యర్థన) పెట్టి, రెండు వారాల తరువాత వచ్చినదానిలో పన్నెండు పిక్సెళ్ళ తేడాను పట్టుకుని మళ్ళీ టికెట్ పెట్టే వ్యవహారానికి ఇక్కడ తెర పడుతుంది. ఇప్పటికే నడుస్తున్న ఉత్పత్తి ఉన్న బృందాలకు మూడింటిలో నేను ముందుగా సూచించేది ఈ దారినే.

అయితే ఇది నడవడానికి ముందస్తు పెట్టుబడి ఉండాలి, అది డబ్బు రూపంలో ఉండేది కాదు. రిపాజిటరీలో డిజైన్ సిస్టమ్ (ఉత్పత్తి అంతటా వాడే కాంపొనెంట్లు, రంగులు, వాటి నియమాల ఉమ్మడి కూర్పు) సక్రమంగా ఉంటే ఏజెంట్ దానినే వాడుకుంటుంది; లేకపోతే ఉన్న గందరగోళాన్నే నేర్చుకుని ఇంకొంత కలుపుతుంది. ఒకే ఉత్పత్తిలో మూడు రకాల బటన్ కాంపొనెంట్లు ఉన్నాయనుకోండి, ఏ సూచనా ఇవ్వకపోతే ఏజెంట్ నాలుగవది కొత్తగా రాసే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ఉన్నవాటిలో ఏది అసలైనదో దానికి చెప్పినవారు లేరు. కాబట్టి ఈ దారిలో అడుగుపెట్టేముందు చేయవలసిన పని ఇంటిని చక్కదిద్దుకోవడం: రంగులు, ఖాళీలు, అక్షర పరిమాణాలను కోడ్‌లో నేరుగా అంకెలుగా కాక టోకెన్ల పేర్లతో రాయడం, వాడకూడని పాత కాంపొనెంట్లను తీసివేయడం, ఏది ఎప్పుడు వాడాలో చెప్పే సూచనల ఫైలును రిపాజిటరీలోనే ఉంచడం. డిజైన్ టోకెన్లను ఉపకరణాల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి పద్ధతికి వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సముదాయ బృందం 2025లో తొలి స్థిర రూపం ఇచ్చింది. ఏఐని ఇతర ఉపకరణాలతో కలపడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ద్వారా, ఫిగ్మా ఫైల్‌లోని కాంపొనెంట్లు, టోకెన్ల వివరాలను ఏజెంట్ నేరుగా చదవగలుగుతోంది. స్క్రీన్‌షాట్ చూసి ఊహించుకోవడానికీ, ఇది ఫలానా కాంపొనెంట్, దీని ఖాళీ ఫలానా టోకెన్ అని తెలిసి రాయడానికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది.

రెండవ షరతు సమీక్షకు సంబంధించినది, ఇదే చాలాచోట్ల మరుగున పడుతోంది. డిజైనర్లు వారానికి పదేసి మార్పులు పంపడం మొదలుపెడితే వాటిని చదవవలసింది డెవలపర్లే. ఏఐ రాసిన కోడ్ పైకి శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి అందులోని లోపాన్ని పట్టుకోవడానికి మామూలుకన్నా ఎక్కువ శ్రద్ధ కావాలి. వేగం గురించి మన అంచనాలు ఎంత తప్పుతాయో 2025 జూలైలో మెటర్ అనే పరిశోధన సంస్థ ప్రచురించిన ప్రయోగం చూపింది. తమకు బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లు 246 పనులు చేయగా, ఏఐ వాడనిచ్చిన పనులకు సగటున 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వారు మాత్రం మొదలుపెట్టేముందు 24 శాతం సమయం తగ్గుతుందని అనుకున్నారు, పూర్తయ్యాక కూడా 20 శాతం తగ్గిందనే నమ్మారు. ఇది ఆనాటి ఉపకరణాలతో, ఆ రకమైన ప్రాజెక్టుల్లో, కొద్దిమందితో చేసిన ప్రయోగం. దీనిని పట్టుకుని ఏఐ వల్ల పని నెమ్మదిస్తుందని తీర్మానించడం సరికాదు. కానీ వేగంగా ఉందనిపించడం వేగానికి రుజువు కాదన్నది మాత్రం ఏ బృందమైనా గుర్తుపెట్టుకోదగ్గది.

అందుకని ఈ దారిలో డిజైనర్లకు ఇచ్చే పరిధిని మొదట్లో చిన్నదిగా ఉంచడం మేలు. వాక్యాల సవరణ, ఖాళీల సర్దుబాటు, ఖాళీ జాబితా కనిపించే తీరు, పొరపాటు సందేశాలు, కీబోర్డుతో తిరిగే క్రమం వంటి పనులు ఎప్పుడూ ప్రాధాన్య జాబితా అడుగున మిగిలిపోతాయి. డిజైనర్ చేతికి వస్తే ఇవి నిజంగా పూర్తవుతాయి. చెల్లింపులు, అనుమతులు, డేటాబేస్ నిర్మాణం డెవలపర్ల చేతిలోనే ఉండాలి. ఏ ఫోల్డర్లలో మార్పులు చేయవచ్చో రిపాజిటరీలోనే నియమంగా పెట్టుకుంటే తరువాత వాదనలు తప్పుతాయి. బ్రాంచ్ (మార్పుల కోసం కోడ్‌కు విడి ప్రతి) తీయడం, మార్పులను పోల్చి చూడడం, వెనక్కి మళ్ళించడం డిజైనర్లు నేర్చుకోవలసిందే. ఈ మాత్రం నేర్చుకోవడానికి ఇష్టపడని బృందం మీద ఈ దారిని రుద్దితే పని చివరికి డెవలపర్ల నెత్తిమీదే పడుతుంది.

ఎవరు ఏం చేయాలి

ఉపకరణం కన్నా కష్టమైన ఎంపిక బృందం కూర్పుది. 2025 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ దుకాణాల వేదిక షాపిఫై అధిపతి టోబీ లుట్కే తన సిబ్బందికి రాసిన లేఖలో, కొత్త మనుషులను అడిగేముందు ఆ పని ఏఐతో ఎందుకు కాదో చూపాలనీ, ప్రోటోటైప్ దశలో ఏఐ వాడకం ప్రధానంగా ఉండాలనీ పేర్కొన్నారు. డిజైన్, ప్రొడక్ట్, కోడ్ మూడింటినీ ఒకరే చేసే ‘బిల్డర్’ పాత్రల గురించి అనేక సంస్థలు మాట్లాడుతున్నాయి. ఒకవైపు ఈ సర్వసమర్థుల నమూనా, మరోవైపు పాత ప్రత్యేక పాత్రలు, ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలి?

ఉత్పత్తి చిన్నదై, తప్పు చేస్తే వెంటనే దిద్దుకోగలిగినదైతే, ఒక అంశాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒకరికే అప్పగించడం వల్ల మాట మార్పిడిలో పోయే సమయం మిగులుతుంది. వైద్యం, బ్యాంకింగ్ వంటి రంగాల్లో పొరపాటు ఖరీదు వినియోగదారు మీద పడుతుంది కాబట్టి, ఒకరు చేసినదానిని వేరే చదువు, వేరే కన్ను ఉన్నవారు చూడడమే అక్కడ రక్షణ. ఆ రెండవ కంటిని తీసేసి ఏఐని పెట్టుకుంటే, చేసినదీ చూసినదీ ఒకే రకం మోడల్ అవుతుంది. డిజైన్ సిస్టమ్, పరిశోధన, అందుబాటు నియమాలు (వైకల్యం ఉన్నవారు కూడా వాడగలిగేలా చేసేవి) చూసే నిపుణుల అవసరం తగ్గకపోగా పెరుగుతుందనే నా అభిప్రాయం, ఎందుకంటే ఇప్పుడు స్క్రీన్లు తయారుచేసేవారి సంఖ్య పెరిగింది.

కొత్తగా చేరే డిజైనర్ల సంగతి మరింత ఆలోచించవలసినది. ఇదివరకు వారు ఐకాన్లు సరిచేస్తూ, స్క్రీన్ల రకాలు గీస్తూ పని నేర్చుకునేవారు. ఇప్పుడు ఏఐకి మొదట అప్పగిస్తున్నది ఆ పనులనే. వారికి నిర్ణయాలు చూసే అవకాశం ఇవ్వాలి: వినియోగదారు పరీక్షల్లో కూర్చోబెట్టడం, ఏఐ ఇచ్చిన స్క్రీన్‌లో లేనివి వెతికి రాయించడం, సీనియర్ ఎందుకు కాదన్నారో వివరంగా చెప్పించడం. దీనికి సమయం కేటాయించలేని సంస్థ మొదటి మెట్టు ఉద్యోగాలు తీసేసి కొన్నేళ్ళకు సీనియర్ల కోసం వెతుక్కోవలసి వస్తుంది.

వినియోగదారుల బదులు ఏఐని ప్రశ్నించి అభిప్రాయాలు తీసుకునే సేవల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇంటర్వ్యూల మాటలను రాతలోకి మార్చడం, పాత ఫిర్యాదులను అంశాలవారీగా గుదిగుచ్చడం, ప్రశ్నావళిలో అస్పష్టతలు పట్టడం వంటి పనులకు ఏఐని నిస్సంకోచంగా వాడవచ్చు. కానీ కృత్రిమ వినియోగదారు విసుగు చెందడు, సగంలో వదిలేసి వెళ్ళిపోడు, అడిగినదానికి మర్యాదగా ఒప్పుకుంటాడు. డిజైన్ నిర్ణయాన్ని ఆ జవాబుల మీద పెట్టడం కన్నా ఐదుగురు నిజమైన మనుషులను పిలవడం మంచిది.

ఒప్పందం ముందు చూడవలసినవి

ధర విషయంలో మూడు దారులకూ ఒక తేడా ఉంది. కాన్వాస్‌లోని ఏఐకి సాధారణంగా మనిషికింత అన్న చందాలోనే కొంత వాడుక కలిసి వస్తుంది. మిగిలిన రెండింటిలో చాలావరకు వాడినకొద్దీ క్రెడిట్లు ఖర్చవుతాయి. పైగా తప్పుగా వచ్చినదానిని సరిచేయించడానికి కూడా మళ్ళీ క్రెడిట్లే పోతాయి. ఒక స్క్రీన్‌కు ఎంతవుతుందన్న లెక్క వేసేటప్పుడు ఈ సవరణల వంతును కలపకపోతే అంచనా తప్పుతుంది.

హక్కుల సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2025 జనవరిలో వెలువరించిన నివేదిక ప్రకారం, ఇప్పటి సాధనాలతో ప్రాంప్ట్ (ఏఐకి ఇచ్చే సూచన) రాయడం ఒక్కటే ఆ ఫలితానికి కర్తృత్వం ఇవ్వదు. మనిషి చేసిన ఎంపిక, అమరిక, సవరణలకు మాత్రం రక్షణ దొరకవచ్చు. లోగో, బొమ్మలు, బ్రాండ్ గుర్తులు వంటి సొంత ఆస్తిగా నిలవవలసినవాటిని ఏఐ చేతికి పూర్తిగా ఇవ్వకపోవడానికి ఇదే తగిన కారణం. మీ ఫైళ్ళను మోడల్ శిక్షణకు వాడతారా, దానిని ఆపే వీలు చందాలో ఏ స్థాయి నుంచి ఉంది అన్నవి ఒప్పందంలో చదివి తీరవలసిన వాక్యాలు.

అందుబాటు ప్రమాణాలను ఏ దారిలోనైనా మీరే పరీక్షించుకోవాలి. 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ అందుబాటు మార్గదర్శకాలు డబ్ల్యూక్యాగ్ 2.2 ప్రకారం, ఏఏ (మధ్య) స్థాయిలో మామూలు అక్షరాలకు వెనుక రంగుతో కనీసం 4.5:1 తేడా ఉండాలి, నొక్కే భాగాలు కొన్ని మినహాయింపులతో కనీసం 24 పిక్సెళ్ళ పొడవు వెడల్పులు కలిగి ఉండాలి. ఐరోపాలో అమ్మే అనేక డిజిటల్ సేవలకు 2025 జూన్ 28 నుంచి అందుబాటు చట్టం వర్తిస్తోంది. రంగుల తేడా వంటివి యంత్రంతో తనిఖీ చేయించవచ్చు. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌లో ఆ పేజీ అర్థమయ్యేలా ఉందా అన్నది విని చూడవలసిందే. ఏఐ కట్టిన స్క్రీన్లలో బటన్‌లా కనిపించేది కోడ్‌లో నిజంగా బటనేనా, లేక నొక్కితే స్పందించే మామూలు పెట్టెనా అని చూడడం ఈ తనిఖీలో మొదటి మెట్టు.

మీ పరిస్థితిని బట్టి

ఉత్పత్తి ఇంకా ఆలోచన దశలోనే ఉండి, ఏది కట్టాలో తెలియకపోతే రెండవ దారిలో వెళ్ళండి. నాలుగు వేర్వేరు నమూనాలు చేసి మూడింటిని పారేయండి. నడుస్తున్న ఉత్పత్తి, ఓ మోస్తరుగానైనా శుభ్రంగా ఉన్న డిజైన్ సిస్టమ్, మార్పులను చదివే తీరిక ఉన్న డెవలపర్లు ఉంటే మూడవ దారి. నడుస్తున్న ఉత్పత్తి ఉండి డిజైన్ సిస్టమ్ చిందరవందరగా ఉంటే, కొన్ని నెలలు మొదటి దారితో సరిపెట్టుకుని ఆ చిందరవందరను సర్దడంలో ఏజెంట్ల సహాయం తీసుకోండి. వాడని కాంపొనెంట్లను వెతకడం, నేరుగా రాసిన రంగులను టోకెన్లుగా మార్చడం వంటి పనుల్లో అవి బాగా ఉపయోగపడతాయి. పలువురు ఖాతాదారులకు పనిచేసే డిజైన్ సంస్థలకు ప్రతిసారీ కొత్త రిపాజిటరీ కాబట్టి, మొదటి రెండు దారులను కలిపి వాడుకోవడం సుఖం. ఖాతాదారు సమాచారాన్ని బయటి సేవల్లో పెట్టడానికి రాతపూర్వక అనుమతి తీసుకోవడం మరవకూడదు.

నిర్ణయానికి ముందు ఒక ప్రయోగం చేయవచ్చు. గత ఆరు నెలల్లో మీ బృందం పూర్తిచేసి విడుదల చేసిన ఒక మధ్యస్థ అంశాన్ని తీసుకుని, అదే పనిని మీరు పరిశీలిస్తున్న దారిలో మళ్ళీ చేయించండి. పాత పని మొదటి రోజు నుంచి విడుదల దాకా ఎంతకాలం తీసుకుందో మీ టికెట్లలో ఉంటుంది. కొత్తదానిలో తయారీకి పట్టిన గంటలతో పాటు సమీక్షకు, సవరణలకు పట్టిన గంటలను విడివిడిగా రాయండి. అసలు విడుదల తరువాత వచ్చిన లోపాల జాబితాను దగ్గర పెట్టుకుని, వాటిలో ఎన్ని కొత్త స్క్రీన్‌లోనూ కనిపిస్తున్నాయో చూడండి. ఈ ప్రయోగంలో అనుమానాలు వ్యక్తం చేసేవారిని ఒకరినైనా చేర్చండి. ఉత్సాహవంతులు మాత్రమే పాల్గొంటే ఫలితం ముందే తెలిసిపోయినట్టే.

లెక్కలు అనుకూలంగా వచ్చినా వార్షిక చందాకు తొందరపడకండి. నెలవారీ ధర కొంత ఎక్కువైనా, ఆరు నెలల్లో మారిపోయే సేవకు ఏడాది కట్టుబడడం కన్నా అదే లాభం. 2022లో 2,000 కోట్ల డాలర్లకు ఫిగ్మాను కొంటామని అడోబీ ప్రకటించి మరుసటి ఏడాదే విరమించుకుంది. ఒకప్పుడు ప్రోటోటైపులకు పెట్టింది పేరైన ఇన్‌విజన్ తన డిజైన్ సేవలను 2024 చివరికి మూసేసింది. ఎంచుకున్న సేవ నుంచి మీ డిజైన్లు, కోడ్, సూచనల ఫైళ్ళు మరొక చోట తెరుచుకునే రూపంలో బయటికి తీసుకోగలరో లేదో మొదటి వారంలోనే ఒకసారి తీసి చూడండి, రాకపోతే ఆ సేవలో అసలు పని మొదలుపెట్టకండి.